ఏ క్యాబేజీ మంచిది? మా మెస్సులో తేలిన లెక్క



మొన్న మహబూలా నుంచి ఒక సోదరుడు ఫోన్ చేశాడు. కడప జిల్లా మనిషి. "అన్నా, పచ్చ క్యాబేజీ తింటే దండగంట గదా! ఎర్రదే తినాలంట, ఫోన్లో వీడియో వచ్చింది. నేను నెల రోజుల నుంచీ ఎర్రదే కొంటాండా. మంచిదేనా?" అని అడిగాడు. పచ్చదాని ధరకు మూడింతలు పెట్టి కొంటున్నాడట. ఇంటికి పంపే డబ్బులో ఒక్క దినారు తగ్గినా రాత్రి నిద్రపట్టని మనిషి అతను. ఆ క్షణానికి "మంచిదేలే తమ్ముడూ" అని చెప్పి ఫోన్ పెట్టేశాం. పెట్టేశాక మనసొప్పలేదు. తెలిసి చెప్పామా, ఊరికే చెప్పామా?

సరిగ్గా అదే వారంలో మా మెస్సులో డ్రైవరు బాబాయి సంగతి జరిగింది. దానికీ క్యాబేజీయే కారణం. అందుకని ఈ వారం శీర్షిక మొత్తం క్యాబేజీకే ఇచ్చేశాం. బాబాయి సంగతి వరసలో చెబుతాం, ముందు బజారుకు వెళ్దాం.

మేము డాక్టర్లం కాము, ఆఫీసు గుమాస్తాలం. మాలో ఒకరు ఇంటర్ బైపీసీ, ఒకరు సీఈసీ. ఫైళ్ళు, పట్టికలు చదవడం మా ఉద్యోగం కాబట్టి కూరగాయల పట్టికలు కూడా చదివాం. కింద రాసిన అంకెలు చాలావరకు అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ళ పట్టికల్లోవి. అన్నీ పచ్చి కూర 100 గ్రాములకు లెక్క.

కువైట్ బజార్లో క్యాబేజీ అనగానే మనకు కనబడేది గట్టిగా, గుండ్రంగా ఉండే లేతపచ్చ బంతి. కరీంనగర్, నిజామాబాద్ వాళ్ళు గోబిగడ్డ అంటారు. పక్క రూము హిందీవాళ్ళకు అది పత్తాగోబీ. లెబనాన్ వాళ్ళు మల్ఫూఫ్ అంటారు, మా ఆఫీసులో ఈజిప్టు పెద్దాయన కొరొంబ్ అంటాడు. వాళ్ళు కొనేది ఇంకో రకం, పళ్ళెంలా చదునుగా, పెద్దగా ఉంటుంది. దాని ఆకులు వదులుగా ఊడొస్తాయి కాబట్టి అన్నం, మాంసం పెట్టి చుట్టలు చుట్టుకుంటారు. అది మన పచ్చదానికి తోబుట్టువే, ఒంటికిచ్చేదాంట్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇక ఊదారంగులో ఉండే ఎర్ర క్యాబేజీ, ఆకులు ముడతలు పడి ఉండే సవాయ్ క్యాబేజీ, నిమ్మకాయంత బంతులుగా ఫ్రీజరు పెట్టెల్లో దొరికే బ్రస్సెల్స్ స్ప్రౌట్స్ ఉన్నాయి. ఇవన్నీ ఒకే జాతి మొక్క. కాలీఫ్లవరూ, నూలుకోలూ కూడా అదే జాతి అంటే మొదట మేమూ నమ్మలేదు.

పొడుగ్గా, తెల్లటి కాడలతో ఉండే చైనా క్యాబేజీ మాత్రం వేరే జాతి. ఫిలిప్పీన్స్ వాళ్ళు పెచాయ్ అని కొనుక్కునే ముదురుపచ్చ ఆకు కట్ట కూడా అంతే. ఆ రెండూ టర్నిప్ గడ్డకు చుట్టాలు. షవర్మాతో పాటు గులాబీరంగు ఊరగాయ ముక్కలు పెడతారు చూడండి, ఆ గడ్డే టర్నిప్.

ఇక అంకెలు. పచ్చ క్యాబేజీలో విటమిన్-సి సుమారు 37 మిల్లీగ్రాములు, ఎర్రదాంట్లో 57. సవాయ్‌లో 31, చైనా క్యాబేజీలో 27, పెచాయ్‌లో 45. బ్రస్సెల్స్ బంతుల్లో ఏకంగా 85. ఇంతవరకే చూస్తే వీడియోలో చెప్పిన మాట నిజమే, ఎర్రది పచ్చదాన్ని మించింది. ఎర్రదాంట్లో విటమిన్-ఎ కూడా ఎక్కువ. పొటాషియం పచ్చదాంట్లో 170 మిల్లీగ్రాములుంటే ఎర్రదాంట్లో 243. ఇనుము కూడా కాస్త ఎక్కువే.

వీడియోవాళ్ళు ఇక్కడికి ఆపేస్తారు. మిగతా వరసలు చదివితే కథ మారుతుంది. ఫోలేట్ అనే విటమిన్ ఉంది, కొత్త రక్తం తయారవడానికి కావాలి. కడుపుతో ఉన్న ఆడవాళ్ళకు, పిల్లల కోసం చూస్తున్నవాళ్ళకు మరీ ముఖ్యం. అది పచ్చదాంట్లో 43 మైక్రోగ్రాములు, ఎర్రదాంట్లో 18 మాత్రమే. సవాయ్‌లో 80, చైనా క్యాబేజీలో 79. పీచు కూడా పచ్చదాంట్లో 2.5 గ్రాములు, ఎర్రదాంట్లో 2.1. రోజంతా కుర్చీలో కూర్చునే మాలాంటివాళ్ళకూ, స్టీరింగ్ ముందు కూర్చునే డ్రైవర్లకూ పొద్దున్నే పడే ఇబ్బంది ఏమిటో చెప్పక్కర్లేదు కదా, పీచు అందుకే కావాలి. అంటే ఒక దాంట్లో ఎర్రది పైచేయి, ఇంకో దాంట్లో పచ్చది.

కాల్షియం సంగతికొస్తే పెచాయ్ అన్నిటినీ మించింది. 105 మిల్లీగ్రాములు. పచ్చ క్యాబేజీలో 40 మాత్రమే. పైగా పెచాయ్‌లో ఉన్న కాల్షియం ఒంటబడుతుంది. పాలకూరలో అంకె ఘనంగా కనబడుతుంది గానీ ఆక్సలేట్లు పట్టుకుని ఉండటం వల్ల ఒంటికి చేరేది కొద్దే. పాలు పడనివాళ్ళు వారానికి రెండుసార్లు పెచాయ్ వండుకుంటే మంచిది. మెంతికూర పప్పులాగే దాన్ని పప్పులో వేసుకోవచ్చు, ఐదు నిమిషాల్లో ఉడుకుతుంది. ఇంకో మాట. ఇక్కడి ఎండలకు నీళ్ళు తక్కువ తాగి కిడ్నీలో రాళ్ళు తెచ్చుకున్నవాళ్ళు మనలో ఎంతమందో. వాళ్ళలో చాలామందికి పాలకూర తగ్గించమని డాక్టర్లు చెబుతారు. క్యాబేజీలో ఆక్సలేట్లు తక్కువ కాబట్టి ఆ భయం పెట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు మహబూలా తమ్ముడి లెక్క చూద్దాం. మా మెస్సులో ఏడుగురం. ఒకటిన్నర కిలోల క్యాబేజీ తెస్తే మనిషికి సుమారు 200 గ్రాములు వస్తుంది. పచ్చదైతే అందులో 73 మిల్లీగ్రాముల విటమిన్-సి. మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం మగవాడికి రోజుకు 80 మిల్లీగ్రాములు చాలు. అంటే మామూలు పచ్చ క్యాబేజీతోనే దాదాపు సరిపోయింది. ఎర్రదైతే 114 వస్తుంది, నిజమే. పైన వచ్చే ఆ 41 మిల్లీగ్రాములకే మూడింతల ధర. ఒక మామూలు నారింజకాయలో 70 దాకా ఉంటుంది. తేడా డబ్బుతో నారింజలు కొనుక్కుంటే ఎర్ర క్యాబేజీని మించిపోతాం, పైగా పండు తిన్నట్టూ ఉంటుంది.

అయితే ఈ 73 మన కంచం దాకా వస్తోందా? అక్కడే మా మెస్సు బండారం బయటపడింది.

మా దగ్గర వంట వంతులవారీగా చేసుకుంటాం. క్యాబేజీ వంతు ఎవరికొచ్చినా పద్ధతి ఒకటే. సన్నగా తరిగి, గిన్నె నిండా నీళ్ళు పోసి, పురుగుంటే చావాలనీ, వాసన పోవాలనీ అరగంట ఉడికించి, ఆ పచ్చటి నీళ్ళు సింకులో పారబోసి, గట్టిగా పిండి, అప్పుడు పోపు వేయడం. ఒకాయన అయితే కుక్కర్లో పెట్టి మూడు విజిల్స్ రానిస్తాడు. విటమిన్-సి, ఫోలేట్ రెండూ నీళ్ళలో కరిగిపోయేవే, పైగా విటమిన్-సి వేడికి నిలవదు. పారబోసింది వాసననే కాదు, డబ్బు పెట్టి కొన్న సరుకును కూడా. అసలు వాసన సంగతి కూడా తిరకాసే. క్యాబేజీ ఎంతసేపు ఉడికితే గంధకం వాసన అంత పెరుగుతుంది. వాసన పోవాలని ఉడికించేకొద్దీ వాసనే ఎక్కువవుతుంది. మెట్ల దగ్గరికి రాగానే "ఇవాళ మీ రూములో క్యాబేజీయా?" అని కింది అంతస్తు వాళ్ళు అడిగేవాళ్ళు.

పురుగు భయముంటే పై రెండు ఆకులు తీసేసి, నాలుగు చెక్కలు చేసి, ఉప్పునీళ్ళలో కాసేపు ఉంచి కడిగితే సరిపోతుంది. పై ఆకులు మరీ చెడితేనే తీయండి. పచ్చగా ఉండే పై ఆకుల్లోనే విటమిన్లు ఎక్కువ, లోపలి తెల్లటి భాగంలో తక్కువ. ముందే సగానికి కోసి ప్లాస్టిక్ చుట్టి అమ్మేవి మేము కొనడం మానేశాం. చేత్తో పట్టుకుంటే బరువుగా, గట్టిగా ఉన్న పూర్తి బంతిని తెచ్చుకుంటే ఫ్రిజ్‌లో రెండు వారాలైనా ఉంటుంది. శుక్రవారం ఒక్కరోజే బజారుకు పోయే మనకు ఇంతకన్నా కలిసొచ్చే కూర లేదు. చలికాలంలో వఫ్రా, అబ్దలీ తోటల నుంచి ఇక్కడి పంటే వస్తుంది, అప్పుడు తాజాగానూ ఉంటుంది, ధరా దిగుతుంది.

ఎర్ర క్యాబేజీతో మా అనుభవం కూడా చెప్పాలి. ఒక శుక్రవారం ధర తగ్గిందని జమియా నుంచి రెండు ఎర్ర బంతులు తెచ్చాం. మామూలుగానే నీళ్ళు పోసి ఉడికించాం. మూత తీస్తే కూర నీలం! సిరా ఒలికినట్టుంది. మెస్సులో ఒక్కడూ ముట్టుకోలేదు, "ఇందులో ఏం మందు కొట్టారో" అని ఒకరు, "పారెయ్యండి" అని ఒకరు. తర్వాత తెలిసింది, అది మందు కాదు, ఆ క్యాబేజీలో ఉండే ఆంథోసయనిన్ అనే రంగు. నేరేడు పండుకు రంగునిచ్చేదీ ఆ కోవలోదే. పులుపు తగిలితే ఎర్రబడుతుంది, క్షారం తగిలితే నీలం అవుతుంది, సోడా ఉప్పు వేస్తే ఆకుపచ్చలోకి కూడా పోతుంది. మేము అదే కూరలో నిమ్మకాయ పిండాం. గిన్నెలోనే గులాబీరంగుకు తిరిగింది. అప్పటికీ ఎవరూ ముందుకు రాకపోతే మేమిద్దరమే పెట్టుకుని తిన్నాం, ఆ తర్వాత ఒక్కొక్కరూ వచ్చారు.

ఇంగ్లండు నుంచి 1768లో ఓడలో బయల్దేరిన కెప్టెన్ జేమ్స్ కుక్‌కు కూడా ఇదే తంటా వచ్చిందట. సముద్రం మీద నెలల తరబడి తాజా కూరలు లేక నావికులకు చిగుళ్ళు వాచి రక్తం కారే స్కర్వీ జబ్బు వచ్చేది. అందుకని పులియబెట్టిన క్యాబేజీని పీపాలకొద్దీ ఓడలో ఎక్కించాడు. నావికులు తినమన్నారు. అప్పుడు దాన్ని రోజూ అధికారుల బల్ల మీద వడ్డించి, మిగతావాళ్ళను మీ ఇష్టం అన్నాడు. దొరలు తినడం చూసి అందరూ తినడం మొదలుపెట్టారు. మా మెస్సులో దొరలెవరూ లేరు గానీ, సూత్రం పనిచేసింది.

ఎర్ర రంగు క్యాన్సర్‌ను ఆపుతుంది, గుండెను బాగుచేస్తుంది అని వీడియోల్లో చెప్పేవాటికి మనుషుల్లో రుజువులు లేవు. రంగున్న కూరలు, పండ్లు తినడం మంచిదన్నంత వరకే తీసుకోండి.

క్యాబేజీ కోసినప్పుడు ముక్కుకు తగిలే ఘాటు గురించి ఒక ముచ్చట. ఆకులో గ్లూకోసినోలేట్లు అనే పదార్థాలు ఒక అరలో, మైరోసినేజ్ అనే ఎంజైము ఇంకో అరలో ఉంటాయి. కత్తి పడగానే రెండూ కలిసి ఆ ఘాటు పుడుతుంది. శాస్త్రవేత్తలు చాలా ఏళ్ళుగా పరిశోధిస్తున్నది ఆ ఘాటు పదార్థాల మీదే. ఎక్కువసేపు ఉడికిస్తే ఎంజైము చచ్చిపోతుంది. అదే ఎంజైము ఆవాలలో కూడా ఉంది, ఆవాలూ ఈ కుటుంబమే. పోపులో వేగిన ఆవాలలో అది మిగలదు. మరి మన అమ్మమ్మలు చేసే ఆవ పెట్టిన కూర గుర్తుందా? పొయ్యి మీద ఉండగా ఆవ కలిపితే చేదెక్కుతుందని, దించి కాస్త చల్లారాక పచ్చి ఆవముద్ద కలిపేవాళ్ళు. ఎంజైము పేరు వాళ్ళకు తెలియకపోయినా కూరలో దాన్ని బతికించారు.

ఇప్పుడు మా మెస్సులో చేస్తున్నది ఇదీ. క్యాబేజీ తరిగి పది నిమిషాలు అలాగే వదిలేస్తాం. మినప్పప్పు, సెనగపప్పు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు వేసి, అందులో క్యాబేజీ, పసుపు, ఉప్పు వేసి మూతపెట్టి ఆరేడు నిమిషాలు మగ్గనిస్తాం. నీళ్ళు పోయం, దాని తేమే చాలు. కొంచెం చింతపండు గుజ్జు వేసి దించేస్తాం. గోరువెచ్చగా అయ్యాక రెండు చెంచాల ఆవాలు, రెండు ఎండుమిర్చి కొద్ది నీళ్ళతో నూరిన ముద్ద కలుపుతాం. ఏడుగురికి సరిపోతుంది. మొదటిరోజు ఘాటుకు కళ్ళ నీళ్ళు వచ్చాయి, ఇప్పుడు అడిగి మరీ వండించుకుంటున్నారు. కడుపు ఉబ్బరం వచ్చేవాళ్ళు పోపులో జీలకర్ర, అల్లం వేసుకుని, మొదట కొద్దికొద్దిగా తినడం మేలు.

ఇక బాబాయి సంగతి.

బాబాయిది రాజోలు దగ్గర. మా మెస్సులో పెద్దవాడు. కువైట్ వచ్చిన తొమ్మిదేళ్ళకు గుండె కవాటం పాడయితే ఇంటికెళ్ళి హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించుకున్నాడు, లోహపు కవాటం పెట్టారు. అప్పటినుంచీ రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర రోజూ వేసుకోవాలి. ఆ మాత్ర సరిగ్గా పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష ఉంటుంది. బాబాయికి అది 2.5కూ 3.5కూ మధ్య ఉండాలి. తగ్గితే కవాటం మీద రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. పెరిగితే ఎక్కడైనా రక్తం కారవచ్చు. అంత సన్నటి గట్టు మీద నడక.

ఈమధ్య రెండు నెలలు సెలవు మీద ఇంటికెళ్ళి వచ్చాడు. అక్కడ పరీక్షలన్నీ బాగున్నాయి. వచ్చిన ఆరు వారాలకు ఇక్కడ పరీక్ష చేయిస్తే 1.7 వచ్చింది. బాబాయికి ఇంగ్లీషు రాదు కాబట్టి డాక్టరు దగ్గరికి మాలో ఒకరు తోడువెళ్ళాం. మాత్ర మానేశావా అని డాక్టరు అడిగాడు. లేదు, డబ్బీలో లెక్క సరిగ్గా ఉంది. కొత్త మందులేమైనా? లేదు. ఆకుకూరలు తింటున్నావా?

"అస్సలు ముట్టుకోనండి. తోటకూర, గోంగూర, పాలకూర ఏదీ తినను. ఇంటిదగ్గర మా ఆవిడ కూడా పెట్టదండి" అన్నాడు బాబాయి.

మరి ఏ కూరలు తింటావు? "వంకాయ, బెండకాయ, క్యాబేజీ, బంగాళాదుంప. మెస్సులో ఏది వండితే అదేనండి."

క్యాబేజీ వారానికి ఎన్నిసార్లు అని డాక్టరు అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు బాబాయి కంటే మాకే బాగా తెలుసు, మెస్సు ఖాతా పుస్తకం మా దగ్గరే ఉంటుంది. రెండు నెలల నుంచి మిగతా కూరల ధరలు పెరిగాయని, ఖర్చు తగ్గుతుందని, వారానికి నాలుగు రోజులు క్యాబేజీ పెట్టించింది మేమే. నాలుగు రోజులు అని చెప్పాం. డాక్టరు కలం కింద పెట్టి, క్యాబేజీ మొత్తం ఆకే కదా అన్నాడు.

నిజమే కదా! మొదలు నుంచి చివరి దాకా ఆకు మీద ఆకు, దాంట్లో ఆకు తప్ప ఇంకేముంది? కానీ మన తెలుగిళ్ళలో ఎవరైనా క్యాబేజీని ఆకుకూర అంటారా? గంపలో వంకాయల పక్కన ఉంటుంది కాబట్టి అదీ కూరగాయే. బాబాయి తప్పు చెప్పలేదు, డాక్టరు తప్పు అడగలేదు, ఆ మాట దగ్గరే మధ్యలో దారి తప్పింది.

వార్ఫరిన్ పనిచేసేది విటమిన్-కె మీద. విటమిన్-కె రక్తం గడ్డకట్టడానికి సాయం చేస్తుంది, ఆ మాత్ర దాన్ని అడ్డుకుంటుంది. తిండిలో కె ఒక్కసారిగా పెరిగితే మాత్ర బలం తగ్గిపోతుంది. పచ్చ క్యాబేజీ 100 గ్రాముల్లో విటమిన్-కె 76 మైక్రోగ్రాములు. ఎర్రదాంట్లో సగమే, 38. చైనా క్యాబేజీలో 43, పెచాయ్‌లో 46, సవాయ్‌లో 69, బ్రస్సెల్స్ బంతుల్లో 177. మామూలు మగవాడికి రోజుకు 120 చాలంటారు. మా మెస్సు వాటా 200 గ్రాములంటే 152. వారానికి నాలుగు రోజులు. ఇంటి దగ్గర ఆకు ముట్టని తిండికి సరిపెట్టిన మాత్ర ఇక్కడ ఈ తిండికి చాలలేదు. ఇంకో విచిత్రం, విటమిన్-కె నూనెలో కరిగేది, వేడికీ అంతగా పోదు. మేము నీళ్ళు పారబోసి విటమిన్-సిని సింకులోకి పంపి, కె మొత్తం బాబాయి కంచంలో పెట్టాం.

క్యాబేజీ ఒక్కటే కారణమని డాక్టరు అనలేదు, ప్రయాణం వల్లా, ఇతర మార్పుల వల్లా కూడా అంకె మారవచ్చన్నాడు. మాత్ర కొద్దిగా పెంచి, వారంలో మళ్ళీ పరీక్షకు రమ్మన్నాడు. మరి క్యాబేజీ పూర్తిగా మానేస్తాం అంటే వద్దన్నాడు. ఒకేసారి మానేస్తే ఈసారి అంకె పైకి పోతుంది, అదీ ప్రమాదమే. ఎంత తిన్నా ఫరవాలేదు, ప్రతివారం ఒకే కొలత ఉండాలి, మాత్రను దానికి తగ్గట్టు సరిచేసుకుందాం అన్నాడు. ఈ మాత్ర వాడేవాళ్ళు క్యాంపుల్లో, ఇళ్ళలో ఇంకా ఉంటారు. మీ మెస్సులో కూర మారితే, లేదా సెలవుకు వెళ్ళొస్తే, డాక్టరుకు ఆ మాట చెప్పండి. రక్తం పలచబడే కొత్తరకం మాత్రలకు ఈ క్యాబేజీ గొడవ లేదు, కానీ లోహపు కవాటం ఉన్నవాళ్ళకు ఆ కొత్తవి పనికిరావు. మీది ఏ మాత్రో అడిగి తెలుసుకోండి. ఎర్ర క్యాబేజీకి ధర పెట్టడంలో అర్థముందంటే ఇలాంటి చోటే అనుకున్నాం, కె సగమే కదా అని. డాక్టరు దానికీ నవ్వి, రకాలు మార్చుకుంటూ పోతే లెక్క ఇంకా తప్పుతుంది, ఒకదానికే కట్టుబడండి అన్నాడు.

థైరాయిడ్ గురించి ఇళ్ళలో పనిచేసే అక్కచెల్లెళ్ళు తరచుగా అడుగుతుంటారు. ఈ భయం ఎక్కడ పుట్టిందంటే, 1928లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు క్యాబేజీ మేపిన కుందేళ్ళకు గొంతు దగ్గర గ్రంథి వాచడం గమనించారు. మనుషుల్లో ప్రమాదం మరీ అతిగా తిన్నప్పుడే. న్యూయార్క్‌లో 88 ఏళ్ళ ఒక చైనా పెద్దావిడ షుగర్ తగ్గుతుందని నెలల తరబడి రోజూ కిలో నుంచి కిలోన్నర దాకా పచ్చి పెచాయ్ తిని, థైరాయిడ్ పూర్తిగా పడిపోయి స్పృహ తప్పే స్థితిలో ఆస్పత్రికి చేరినట్టు 2010లో వైద్య పత్రికలో వచ్చింది. వండిన కూర కంచంలో ఒక గరిటె తినేవాళ్ళకు ఆ బాధ లేదు. అయొడైజ్డ్ ఉప్పు వాడుతూ, థైరాయిడ్ మాత్ర పరగడుపున మానకుండా వేసుకుంటే చాలు.

కడుపులో మంటకు క్యాబేజీ రసం తాగేవాళ్ళకు కూడా ఒక మాట. 1949లో కాలిఫోర్నియాలో గార్నెట్ చేనీ అనే డాక్టరు 13 మంది అల్సర్ రోగులకు పచ్చి క్యాబేజీ రసం ఇచ్చి త్వరగా మానిందని రాశాడు. ఆ పేరు మీదే ఇప్పటికీ ఈ వైద్యం తిరుగుతోంది. 13 మంది లెక్క ఒక లెక్క కాదు. ఆ తర్వాత చాలా అల్సర్లకు హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మక్రిమి కారణమని తేలింది, దాన్ని కనిపెట్టినవాళ్ళకు 2005లో నోబెల్ వచ్చింది. పరీక్ష ఉంది, కొన్ని రోజుల మందుల కోర్సుతో పోతుంది. నెలల తరబడి రసం తాగుతూ కూర్చోకండి.

మహబూలా తమ్ముడికి మళ్ళీ ఫోన్ చేసి లెక్కంతా చెప్పాం. "అట్లయితే ఇన్నాళ్ళూ నాకు నష్టమేనా అన్నా?" అన్నాడు. నష్టం కాదు, తిన్నది మంచిదే, ధరే ఎక్కువ అన్నాం. ధర దిగినప్పుడు ఎర్రది, మిగతా రోజుల్లో పచ్చది, ఏదైనా నీళ్ళు పోయకుండా వండుకోమన్నాం.

మా మెస్సులో ఫ్రిజ్ తలుపుకు ఒక కాగితం అంటించాం. క్యాబేజీ ఆదివారం, బుధవారం మాత్రమే, పచ్చదే, బాబాయికి ఒకే కొలత గిన్నెతో. పెచాయ్ వండిన రోజు ఆయనకు వేరే కూర. బాబాయి ఆ రాత్రే ఇంటికి ఫోన్ చేసి, "ఇదిగో, క్యాబేజీ కూడా ఆకుకూరేనంట" అని చెప్పాడు. అవతల నుంచి పిన్ని ఏమందో గానీ, "నన్నంటావేంటి, డాక్టరు చెప్పాడు" అంటున్నాడు. వారం తర్వాత చేయించిన పరీక్షలో 2.4 వచ్చింది, ఇంకా గట్టు ఎక్కలేదు. వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్ళాలి.